గడ్డి ఎత్తు చూసుకుంటూ సౌత్ డకోటా: అద్దె క్యాంపర్ వ్యానులో తొమ్మిది రోజులు

అమెరికాలోని సౌత్ డకోటా రాష్ట్రానికి మొదటిసారి వెళ్లినప్పుడు తూర్పున సూ ఫాల్స్ నుంచి పడమట రాపిడ్ సిటీ దాకా ఉన్న 350 మైళ్లూ ఒక్క మధ్యాహ్నంలో దాటేశాం. నేనూ మా ఆయనా, పెద్ద మోటార్‌హోమ్, జులై ఎండ. ఐదు గంటలూ కిటికీలోంచి ఒకటే రంగు. తిరిగొచ్చాక ఎవరడిగినా "మధ్యలో ఏమీ లేదు, నేరుగా పడమటి చివరనున్న బ్లాక్ హిల్స్ కొండలకి వెళ్లిపోండి" అని చెప్పేదాన్ని. ఆ మాట తప్పని తెలుసుకోవడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. అప్పుడు నా మాట విని వెళ్లినవాళ్లకు ఇప్పుడు సరైన దారి చెప్పాలనే ఇది రాస్తున్నాను.

గత సెప్టెంబరులో నాన్న మా దగ్గర, మినియాపొలిస్‌లో ఉన్నారు. నలభై ఏళ్లు కాలువ కింద వరి పండించిన మనిషి. అపార్ట్‌మెంట్‌లో ఆయనకు ఏమీ తోచేది కాదు. ఆయన్ని తీసుకుని, లోపలే పడక, వంట ఏర్పాటు ఉండే చిన్న క్యాంపర్ వ్యానులో అదే రాష్ట్రానికి మళ్లీ వెళ్లాను. రెండో రోజు పొద్దున నాన్న గడ్డిలోకి దిగి నిలబడితే అది నడుము దాకా వచ్చింది. ఐదో రోజు మోకాలి దగ్గర ఆగింది. ఆరో రోజుకి చీలమండ దాటలేదు.

"వాన తగ్గిపోతోందమ్మా. గడ్డిని చూస్తే తెలియట్లా?" అన్నారు.

నిజమే. ఈ రాష్ట్రం తూర్పు అంచున ఏడాదికి 25 అంగుళాలకు పైగా వాన పడుతుంది. పడమటి మైదానంలో అది 16, 17 అంగుళాలకు దిగిపోతుంది. పొడుగు గడ్డి, నడిమి గడ్డి, పొట్టి గడ్డి వరుసగా వస్తాయి. మొక్కజొన్న పొలాలు పోయి పశువులను మేపే పెద్ద పెద్ద క్షేత్రాలు (రాంచ్‌లు) మొదలవుతాయి. ఊళ్ల మధ్య దూరం పెరుగుతుంది. ప్రతి మజిలీలోనూ వ్యాను దిగి గడ్డిలో నిలబడండి. అది ఎంత ఎత్తుందో చూస్తే ఆ చోటు సంగతి సగం తెలిసిపోతుంది.

ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. ప్రెయిరీని, అంటే ఈ గడ్డి మైదానాన్ని, మధ్యాహ్నం చూసి ఒక అభిప్రాయానికి రాకండి. నడినెత్తిన సూర్యుడుంటే నేల పల్చగా, చప్పగా కనిపిస్తుంది. పొద్దున ఎనిమిది లోపు, సాయంత్రం ఆరు తర్వాత వెలుగు ఏటవాలుగా పడినప్పుడే చిన్న చిన్న మిట్టలు, పల్లాలు, గడ్డి రంగులు బయటపడతాయి. హోటల్లో దిగినవాళ్లు ఆ రెండు వేళల్లోనూ ఊళ్లో ఉంటారు. వ్యానులో ఉన్నవాళ్లు గడ్డి మధ్యలోనే ఉంటారు. క్యాంపర్ వ్యాను తీసుకోవడానికి నా దృష్టిలో అసలు కారణం ఇదే. అందుకే పొద్దున పది తర్వాత బయల్దేరి, 200 మైళ్లలోపు నడిపి, నాలుగింటికల్లా ఎక్కడో ఒకచోట ఆగిపోయేలా ప్లాన్ చేసుకోండి. చీకటిపడే వేళకు జింకలు రోడ్డు మీదకి వస్తాయి కాబట్టి క్షేమానికి కూడా అదే మంచిది.

ఏ నెల

సెప్టెంబరు రెండో వారం నుంచి నాలుగో వారం మొదలు దాకా. లేబర్ డే (సెప్టెంబరు మొదటి సోమవారం) దాటితే బళ్లు తెరుస్తారు కాబట్టి రద్దీ తగ్గుతుంది, గడ్డి రాగి రంగుకు తిరుగుతుంది, పగలు హాయిగా, రాత్రి చలిగా ఉంటుంది. జూన్‌లో పచ్చగా ఉంటుంది గానీ పిడుగుల వానలు ఎక్కువ. ఆగస్టు మొదట్లో స్టర్జిస్‌లో మోటార్‌సైకిళ్ల ర్యాలీ ఉంటుంది. 1938 నుంచి జరుగుతోంది, లక్షల్లో వస్తారు. ఆ పది రోజులూ పడమటి వైపు స్థలం దొరకదు. సెప్టెంబరు చివరి శుక్రవారం బ్లాక్ హిల్స్‌లోని కస్టర్ స్టేట్ పార్కులో బైసన్ల (అమెరికా అడవిదున్నల) మందను తోలుకొచ్చే రౌండప్ ఉంటుంది. అది చూడాలనుకుంటే చాలా ముందు బుక్ చేసుకోవాలి, వద్దనుకుంటే ఆ వారం తప్పించుకోవాలి.

వ్యాను తీసుకునే ముందు

ఇక్కడ ఒక గంట ఎక్కువ పెడితే దారిలో చాలా టెన్షన్ తప్పుతుంది.

మొదట పొడవు చూడండి. బ్యాడ్‌ల్యాండ్స్ నేషనల్ పార్కులో సేజ్ క్రీక్ అనే ఉచిత క్యాంప్‌గ్రౌండ్ ఉంది. ఈ ప్రయాణంలో నాకు అన్నిటికన్నా నచ్చిన చోటు అదే. కానీ అక్కడికి 18 అడుగులు దాటిన క్యాంపర్లను రానివ్వరు. అద్దెకు దొరికే వ్యాన్లలో ఎక్కువ భాగం 20 అడుగులకు దగ్గర్లో ఉంటాయి. ర్యామ్ ప్రోమాస్టర్ అనే వ్యానులో పొట్టి రకం మాత్రం 18 అడుగుల లోపే. వెబ్‌సైట్‌లో "చిన్న వ్యాను" అని రాసినంత మాత్రాన నమ్మకుండా, వెనక నిచ్చెన గానీ సైకిల్ స్టాండ్ గానీ ఉంటే దాన్ని కూడా కలుపుకుని కొలత అడగండి.

రెండోది కంకర రోడ్డు. చాలా అద్దె ఒప్పందాల్లో తారు లేని రోడ్డు మీదకు వెళ్లకూడదని ఉంటుంది. సౌత్ డకోటా పడమటి భాగంలో చూడదగ్గ చోట్లలో సగం కంకర రోడ్ల మీదే ఉన్నాయి. మా ఒప్పందంలోనూ ఆ షరతు ఉంది. నేను ముందే మెసేజ్ పెట్టి, ప్రభుత్వం నిర్వహించే కంకర రోడ్ల మీద నడపవచ్చని రాతపూర్వకంగా జవాబు తీసుకున్నాను. నోటిమాట మీద వెళ్లొద్దు. ఒప్పుకోకపోతే ఇంకో వ్యాను చూసుకోండి.

మూడోది మైళ్లు. మాకు రోజుకు 125 చొప్పున తొమ్మిది రోజులకు 1,125 మైళ్లు ఇచ్చారు. తిరిగినవి 1,550 దాకా. పైవాటికి మైలుకు 35 సెంట్లు, అంటే దాదాపు 150 డాలర్లు అదనం. ముందే పెద్ద ప్యాకేజీ కొని ఉంటే అందులో సగం మిగిలేది.

బీమా సంగతి ఫోన్ చేసే కనుక్కోండి. మన కారు పాలసీ అద్దె క్యాంపరుకు వర్తించకపోవచ్చు. క్రెడిట్ కార్డుల కవరేజీలో కూడా క్యాంపర్లను, మోటార్‌హోమ్‌లను మినహాయించడం మామూలే. సీటు బెల్టులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. నలుగురు పడుకోగల వ్యానుల్లో కూడా కొన్నిటికి రెండే బెల్టుల సీట్లుంటాయి. పెద్దవాళ్లు వస్తుంటే కింది మంచం ఎత్తు అడగండి. నాన్నకు 68 ఏళ్లు, రాత్రి రెండుసార్లు లేస్తారు. మీద పడక ఉన్న వ్యాను అయితే మూడో రోజే తిరిగొచ్చేవాళ్లం.

తాళాలు ఇచ్చేటప్పుడు వాళ్లు పది నిమిషాల్లో అన్నీ చూపించేస్తారు. ఫోన్‌లో వీడియో తీసుకోండి. మంచినీళ్ల ట్యాంకు ఎక్కడ నింపాలి, గిన్నెలు కడిగిన నీళ్ల ట్యాంకు ఎలా వదలాలి, టాయిలెట్ క్యాసెట్ (మలం చేరే డబ్బా) ఎలా బయటికి లాగాలి, ప్రొపేన్ గ్యాసు వాల్వు ఎటు తిప్పితే ఆగుతుంది, కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగుతుందా లేదా, ఇవన్నీ మీ చేత్తో ఒకసారి చేసి చూడండి. పెట్రోలు పోయించేటప్పుడు ప్రొపేన్ కట్టేయాలి.

రైస్ కుక్కర్ తీసుకెళ్లొద్దు. వ్యానుకు కరెంటు తగిలించుకునే హుకప్ లేని చోట అది బ్యాటరీని పీల్చేస్తుంది. మొదటి రాత్రి మాకు అదే జరిగింది, తెల్లారేసరికి ఫ్రిజ్ ఆగిపోయింది. మర్నాటి నుంచి చిన్న ప్రెషర్ కుక్కర్‌లో గ్యాస్ మీదే వండాను. నీళ్లూ, గ్యాసూ రెండూ కలిసొచ్చాయి.

పొడుగు గడ్డి నుంచి మోకాటి గడ్డి దాకా

మినియాపొలిస్ నుంచి దాదాపు నాలుగు గంటల్లో సౌత్ డకోటా తూర్పు అంచుకు చేరతాం. సూ ఫాల్స్ ఊళ్లో కాకుండా దానికి ఈశాన్యాన గారెట్‌సన్ పక్కనున్న పాలిసేడ్స్ స్టేట్ పార్కులో మొదటి రాత్రి ఉండండి. స్ప్లిట్ రాక్ క్రీక్ అనే వాగు గులాబీ రంగు క్వార్ట్‌జైట్ రాతిని కోసుకుంటూ పోతుంది. సాయంత్రం ఆ రాళ్లు ఎర్రబడతాయి. పార్కు చుట్టుపక్కల గడ్డి మిగిలిన చోట బిగ్ బ్లూస్టెమ్ అనే పొడుగు గడ్డిని చూడండి. కంకి మూడు పాయలుగా చీలి కోడికాలులా ఉంటుంది. అమెరికా అంతటా ఒకప్పుడున్న పొడుగు గడ్డిలో నూటికి నాలుగు వంతులు కూడా ఇప్పుడు మిగల్లేదు, మిగతాదంతా మొక్కజొన్న, సోయాబీన్ అయిపోయింది. నాన్న ఒక దుబ్బు మొదట్లో వేలు పెట్టి మట్టి తీసి నలిపారు. నల్లగా, మెత్తగా ఉంది. "ఇంత మట్టి ఉంటే ఎవరు దున్నకుండా ఉంటారమ్మా" అన్నారు.

ఇక్కడి నుంచి అందరూ ఇంటర్‌స్టేట్ 90 అనే పెద్ద హైవే పట్టుకుంటారు. మీరు పట్టుకోవద్దు. దాని మీద వేగ పరిమితి గంటకు 80 మైళ్లు. ఎత్తయిన వ్యాను ఆ వేగంతో వెళ్తే నడిపేవాళ్లకు రోడ్డు తప్ప ఇంకేమీ కనిపించదు. ఉత్తరంగా డి స్మెట్ అనే ఊరి దాకా వెళ్లి, అక్కడి నుంచి 14వ నంబరు హైవే మీద పడమటికి మళ్లండి. చిన్న ఊళ్లు, ధాన్యం నిల్వచేసే ఎత్తైన ఎలివేటర్లు, చెరువుల్లాంటి నీటిమడుగులు. ఆ మడుగులు మంచు యుగంలో హిమానీనదాలు వదిలి వెళ్లిన గుంటలు. బాతులు గుంపులుగా దిగుతుంటాయి. రాత్రికి డి స్మెట్ దగ్గర లేక్ థాంప్సన్ రిక్రియేషన్ ఏరియాలో ఆగాం.

1862లో వచ్చిన హోమ్‌స్టెడ్ చట్టం కింద ఐదేళ్లు కాపురముండి సాగుచేసినవాళ్లకు 160 ఎకరాలు ఇచ్చారని నాన్నకు చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగారు, "ఊరికే ఇచ్చారా? మరి అంతకుముందు అది ఎవరిది?" ఇక్కడి ఆదివాసులైన డకోటా, లకోటా ప్రజలదని చెప్పాను. ఆ ప్రశ్న మిగతా ప్రయాణమంతా మాతోనే వచ్చింది.

హైమోర్ దాటాక బ్లంట్ అనే చిన్న ఊరు వస్తుంది. నూరవ రేఖాంశం ఇంచుమించు అక్కడే వెళ్తుంది. దానికి పడమట వానను నమ్ముకుని పంట వేయడం కష్టమని ఇక్కడ పాతకాలం నుంచీ చెబుతారు. బోర్డులు చూడనక్కర్లేదు, పొలాలు చూస్తే చాలు. మొక్కజొన్న పల్చబడి పొద్దుతిరుగుడు, గోధుమ, ఎండుగడ్డి మోపులు వస్తాయి. సెప్టెంబరులో పొద్దుతిరుగుడు పూలు ఎండి తల వంచుకుని ఉంటాయి. పసుపు రంగు కోసం వచ్చేవాళ్లు ఆగస్టులో రావాలి.

రాజధాని పియర్. రాసేది ఎలా ఉన్నా ఇక్కడివాళ్లు 'పీర్' అనే అంటారు. ఆ పక్కనే మిస్సోరి నది మీద ఓవాహీ డ్యామ్. ఆనకట్ట కింద క్యాంప్‌గ్రౌండ్‌లో రెండు రాత్రులు ఉన్నాం. నీళ్లు, కరెంటు, స్నానాల గదులు అన్నీ ఉన్నాయి కాబట్టి బట్టలు ఉతుక్కోవడానికి, ట్యాంకులు ఖాళీ చేసి నింపుకోవడానికి ఇది సరైన మజిలీ. మట్టితో కట్టిన డ్యామ్ అది. నాన్న కట్ట మీద నిలబడి నీళ్ల వైపు చూస్తూ, "ఎంత నేల మునిగిందో" అన్నారు. స్టాండింగ్ రాక్, షయాన్ రివర్ అనే ఆదివాసుల రిజర్వేషన్లలో (వాళ్లకు కేటాయించిన నేలల్లో) 2 లక్షల ఎకరాలకు పైగా మునిగింది. నది ఒడ్డున ఉండే మంచి నేల, చెట్లు, ఊళ్లు పోయాయి.

నది దాటితే ఇక్కడివాళ్లు 'వెస్ట్ రివర్' అనే ప్రాంతం మొదలు. పాత హిమానీనదాలు దాదాపు ఈ నది దగ్గరే ఆగిపోయాయి. అందుకే తూర్పు ఒడ్డు చదునుగా, పడమటి ఒడ్డు ముడతలు ముడతలుగా ఉంటుంది. ఫోర్ట్ పియర్ నుంచి దక్షిణంగా 83వ నంబరు హైవే మీద ముప్పై మైళ్లు ఫోర్ట్ పియర్ నేషనల్ గ్రాస్‌ల్యాండ్ అనే ప్రభుత్వ గడ్డి భూమి గుండా వెళ్లండి. రోడ్డు పక్క గేటు దగ్గర సురక్షితంగా ఆపి లోపలికి నడవచ్చు. గేటు తీసి వెళ్తే మళ్లీ మూసి రావాలి. మూసి ఉంటే మూసి ఉంచాలి, తెరిచి ఉంటే తెరిచే ఉంచాలి. లోపల పశువులు మేస్తుంటాయి. నాన్నకు మోకాలి దాకా వచ్చిన గడ్డి ఇదే.

గాలి, వడగళ్లు

ఈ రాష్ట్రంలో అన్నిటికన్నా గౌరవించాల్సింది గాలిని. మొదటి ప్రయాణంలో ఆనింగ్ (బండి పక్కకు చాపే గుడ్డ పందిరి) పరిచి వంట చేస్తుంటే ఒక్క విసురుకు దాని చేయి వంగిపోయింది. బాగుచేయించిన డబ్బు మా డిపాజిట్ నుంచే పోయింది. ఇక్కడ ఆనింగ్ తెరవకండి, తెరిచినా దాన్ని వదిలి దూరం వెళ్లకండి. తలుపు తీసేటప్పుడు రెండు చేతులా పట్టుకోండి. గాలి దాన్ని లాగేస్తే కీలు విరుగుతుంది. రాత్రి వ్యాను ముక్కు గాలికి ఎదురుగా పెట్టి ఆపితే ఊపు తగ్గుతుంది, నిద్ర పడుతుంది. పక్కగాలి బలంగా ఉన్న రోజు హైవే మీద 60, 65 దాటొద్దు. ఎదురుగాలికి గ్యాలనుకు వచ్చే మైళ్లు కూడా బాగా పడిపోతాయి. మాకు 16 వచ్చేది ఒకరోజు 11కి వచ్చింది.

83వ హైవే ఇంటర్‌స్టేట్ 90ను కలిసేచోట వివియన్ అని ఒక ఊరుంది. 2010 జులై 23న అక్కడ పడ్డ ఒక వడగల్లు 8 అంగుళాల వ్యాసం, 1.94 పౌండ్ల బరువు తూగింది. అమెరికాలో నమోదైన వడగళ్లలో ఇదే పెద్దది. మే నుంచి ఆగస్టు దాకా వెళ్లేవాళ్లు రోజూ పొద్దున, మధ్యాహ్నం నేషనల్ వెదర్ సర్వీస్ సూచన చూడాలి. పడమట ఆకాశం నల్లగా, కింద ఆకుపచ్చ ఛాయతో కనిపిస్తే క్యాంపు వేయకండి, దగ్గర్లోని ఊరికి వెళ్లి గట్టి భవనంలో ఉండండి. సుడిగాలికి వ్యాను రక్షణ కాదు. పశ్చిమాన చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి మ్యాపులు ముందే దించుకోండి, బ్యాటరీతో నడిచే వెదర్ రేడియో ఒకటి పెట్టుకోండి.

మర్డో దాటాక గడియారం ఒక గంట వెనక్కి వెళ్తుంది. పెట్రోలు సగానికి వస్తే నింపేయండి. పడమటి వైపు బంకుల్లో 85 ఆక్టేన్ (పెట్రోలు రకాన్ని చెప్పే అంకె) చవగ్గా కనిపిస్తుంది. వ్యానుకు కావాల్సింది 87. ఎడమ చివరి బటన్ అలవాటుగా నొక్కేయకుండా అంకె చదివి నొక్కండి.

బ్యాడ్‌ల్యాండ్స్

ఇంటర్‌స్టేట్ 90 మీద 131వ ఎగ్జిట్ దగ్గర మినిట్‌మ్యాన్ మిసైల్ మ్యూజియం ఉంది. ఈ గడ్డి కింద ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో అణు క్షిపణులు దాచారు. గంటసేపు చూసి దక్షిణంగా పార్కులోకి వెళ్లండి. వాహనానికి 30 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది. ఏడాదిలో ఇంకో రెండు మూడు నేషనల్ పార్కులు చూసే ఆలోచన ఉంటే వార్షిక పాస్ లాభం. నేను తీసుకున్నప్పుడు 80 డాలర్లు.

మొదటి రాత్రి సీడర్ పాస్ క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంటు ఉన్న చోటు ముందే బుక్ చేసుకోండి, రెండో రాత్రి సేజ్ క్రీక్‌కి వెళ్లండి. ఈ వరుసకు కారణముంది. సేజ్ క్రీక్‌లో నీళ్లు లేవు, గుంట మరుగుదొడ్లు తప్ప ఏమీ లేవు, రిజర్వేషన్ కూడా లేదు. బ్యాటరీ, నీళ్లు నిండుగా పెట్టుకుని మధ్యాహ్నం రెండు లోపు అక్కడ ఉండాలి. పార్కులో ఎక్కడా చలిమంట వేయనివ్వరు, స్టవ్ వాడుకోవచ్చు.

సీడర్ పాస్ దగ్గర నాన్న డోర్ ట్రెయిల్ అనే నడకదారిలో చెక్కబాట ఉన్నంత మేర నడిచారు. నాచ్ ట్రెయిల్‌లో దుంగల నిచ్చెన ఎక్కాలి కాబట్టి నేనొక్కదాన్నే పొద్దున ఆరున్నరకు వెళ్లొచ్చాను. గోడల్లా నిలిచిన ఆ మట్టి పొరలు ఏడాదికి దాదాపు ఒక అంగుళం చొప్పున కరిగిపోతున్నాయి. అలా కరిగినప్పుడే ఎముకల శిలాజాలు బయటపడతాయి. 2010లో ఏడేళ్ల పాప ఒకతె ఇక్కడ కత్తికోరలున్న పిల్లిలాంటి జంతువు పుర్రెను గుర్తించింది. మీకు ఏదైనా కనిపిస్తే ముట్టుకోకుండా ఫొటో తీసి, చోటు గుర్తుపెట్టుకుని పార్కు రేంజర్లకు (సిబ్బందికి) చెప్పండి. ఏరుకోవడం నేరం. బూట్లు వేసుకోండి, చేయి పెట్టే ముందు రాతి అంచు చూసుకోండి, గిలక పాములుంటాయి.

సేజ్ క్రీక్ రిమ్ రోడ్డు కంకరది. వాన పడితే ఆ బంకమట్టి చక్రాలకు పేరుకుని వ్యానును కదలనివ్వదు. మబ్బుగా ఉంటే వెళ్లకండి. దారిలో రాబర్ట్స్ ప్రెయిరీ డాగ్ టౌన్ వస్తుంది. ఉడుతకంటే కాస్త పెద్ద జీవాలు బొరియల అంచున నిలబడి ఒకదాన్నొకటి హెచ్చరించుకుంటాయి. వాటికి ప్లేగు సోకుతుంది కాబట్టి దగ్గరికి వెళ్లొద్దు, తిండి పెట్టొద్దు. అవీ, బైసన్లూ మేసిన చోట గడ్డి చీలమండ దాటదు. బఫెలో గ్రాస్ అనే పొట్టి గడ్డి, మెలికలు తిరిగి ఉంటుంది. నాన్న దాని మీద అరచేయి ఆన్చి, "దీనికి తొక్కుడు అలవాటే" అన్నారు.

ఆ సాయంత్రం ఆరున్నరకు ఎనిమిది బైసన్లు గుట్ట దిగి క్యాంప్‌గ్రౌండ్ మధ్యలోకి వచ్చాయి. అందరూ వ్యాన్ల లోపలికి వెళ్లిపోయారు. ఒకటి మా వ్యాను పక్కనే నిలబడి గడ్డి తెంపుతుంటే ఆ చప్పుడు లోపలికి వినిపించింది. నాన్న లైటు ఆర్పమన్నారు. ఇద్దరం కిటికీ దగ్గర అరగంట అలాగే కూర్చున్నాం. నియమం ప్రకారం వాటికి 100 గజాల దూరంలో ఉండాలి. అవే దగ్గరికి వస్తే మీరు లోపలే ఉండాలి. అంత బరువున్నా మనకంటే చాలా వేగంగా పరుగెత్తుతాయి.

సేజ్ క్రీక్‌లో చోటు దొరకకపోతే కంగారు పడొద్దు. వాల్ ఊరికి దక్షిణాన బఫెలో గ్యాప్ నేషనల్ గ్రాస్‌ల్యాండ్‌లో గట్టు మీద ఉచితంగా రాత్రి ఆగవచ్చు. ఇంత నేల ప్రభుత్వం చేతిలో ఎందుకుందో వాల్‌లోని గ్రాస్‌ల్యాండ్స్ విజిటర్ సెంటర్‌లో తెలిసింది. 160 ఎకరాలతో ఇక్కడ బతకలేక, 1930ల కరువులో చితికిపోయిన రైతుల పొలాలను ప్రభుత్వం కొని మళ్లీ గడ్డికి వదిలింది. నాన్న అది విన్నాక ఆ రోజంతా ఏమీ మాట్లాడలేదు. గట్టు అంచుకు దూరంగా, ఇప్పటికే చక్రాల గాడి ఉన్నచోటే ఆపండి. ఎండు గడ్డికి వేడి సైలెన్సర్ తగిలినా నిప్పు అంటుకుంటుంది. వాల్ డ్రగ్ అనే దుకాణం గురించి 1930ల నుంచీ దారి పొడవునా బోర్డులు చెబుతూనే ఉంటాయి. చల్లటి నీళ్లు ఉచితం, డోనట్లు బాగుంటాయి, అరగంట చాలు.

కొండలు

బ్లాక్ హిల్స్ గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి వ్యాను నడిపేవాళ్లకు అవసరమైనది మాత్రం చెబుతాను. నీడిల్స్ హైవేలో నీడిల్స్ ఐ సొరంగం వెడల్పు దాదాపు 8 అడుగులే. మన వ్యాను అద్దాలతో కలిపి అంతకంటే వెడల్పు ఉంటుంది. సాహసం చేయకండి, కస్టర్ స్టేట్ పార్కులో వ్యాను ఆపి నడిచి చూడదగ్గ చోట్లు చూడండి. ఐరన్ మౌంటెన్ రోడ్డు సొరంగాలు కాస్త పెద్దవి. అయినా ప్రవేశంలో రాసిన కొలతలను మీ వ్యాను ఎత్తుతో పోల్చుకునే వెళ్లండి. కప్పు మీద ఫ్యాన్ ఎత్తు కూడా కలపాలి. నేను ఆ కొలత ఒక కాగితం మీద రాసి స్టీరింగ్ పక్కన అంటించుకున్నాను. 18 మైళ్ల వైల్డ్‌లైఫ్ లూప్ రోడ్డు పొద్దున్నే తిరగండి, గడ్డి మళ్లీ మోకాలికి వస్తుంది. కొండలు మబ్బుల్ని పట్టి వాన కురిపిస్తాయి.

కొండ మీద నలుగురు అధ్యక్షుల ముఖాలు చెక్కిన మౌంట్ రష్‌మోర్ దగ్గర గంటసేపు ఉన్నాం. ఈ బ్లాక్ హిల్స్ లకోటా ప్రజలకు హే సాపా, పవిత్రమైన చోటు. అమెరికా ప్రభుత్వంతో చేసుకున్న 1868 ఒప్పందం ప్రకారం అవి వాళ్లవే. 1874లో బంగారం బయటపడింది, 1877లో లాగేసుకున్నారు. ఆ నేలకు పరిహారం ఇవ్వాలని 1980లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినా వాళ్లు ఆ డబ్బు తీసుకోలేదు, మాకు నేలే కావాలన్నారు. నాన్న డి స్మెట్‌లో అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడ పూర్తయింది. పైన్ రిడ్జ్ లాంటి రిజర్వేషన్ల గుండా వెళ్తే అది వాళ్ల నేల అని గుర్తుంచుకోండి. అనుమతి లేకుండా రోడ్డు పక్కన రాత్రి ఆగొద్దు, డ్రోన్ ఎగరేయొద్దు, మనుషుల్ని అడక్కుండా ఫొటో తీయొద్దు.

తిరుగు దారి

తిరిగొచ్చేటప్పుడు ఇంటర్‌స్టేట్ 90 మీదే వచ్చాం. ఛాంబర్‌లెయిన్ దగ్గర రెస్ట్ ఏరియాలో మిస్సోరి నది మీదుగా చూస్తూ 'డిగ్నిటీ' అనే 50 అడుగుల స్టీలు విగ్రహం ఉంది. డేల్ లాంఫియర్ చెక్కగా 2016లో నిలబెట్టారు. నక్షత్రాల దుప్పటిని భుజాల మీదుగా పరుచుకున్న ఆదివాసీ స్త్రీ. సాయంత్రం అక్కడుండేలా చూసుకోండి, దుప్పటి నీలం పలకలు గాలికి కదులుతాయి. మిచెల్‌లో మొక్కజొన్న కంకులతో గోడలు అలంకరించే కార్న్ ప్యాలెస్ దారి పక్కనే ఉంది, కాళ్లు చాపుకోవడానికి ఆగండి.

వ్యాను అప్పగించే ముందు రోజే, మురికి నీళ్లు వదిలే డంప్ స్టేషన్‌లో ట్యాంకులు ఖాళీ చేయాలి. క్యాసెట్ కడిగి ఉంచాలి, పెట్రోలు తీసుకున్నప్పుడు ఎంత ఉందో అంతకు నింపి రసీదు దాచాలి. లోపలా బయటా, కప్పుతో సహా వీడియో తీయాలి. శుభ్రంగా లేదని 100 డాలర్లు పట్టుకునే షరతు మా ఒప్పందంలో ఉంది. జారే తలుపు కింద గాడి అందరూ మర్చిపోతారు. అది గడ్డి గింజలతో నిండిపోయి తలుపు బిగుసుకుపోయింది. నాన్న పాత టూత్‌బ్రష్ తీసుకుని మా పార్కింగ్‌లో పీట వేసుకుని కూర్చున్నారు. గింజలన్నీ కాగితం మీదకి దులిపి, వేలితో మూడు కుప్పలుగా విడదీసి, "పొడుగు గడ్డిది ఇది, మోకాటి గడ్డిది ఇది, దున్నలు మేసింది ఇది" అని నాకు చూపించారు.